బస్తా మీది పేరు ఎవరిది?

శ్రోతలకు నమస్కారం. నెల్లూరులో ఒక రైస్ మిల్లు బస్తాల మీద 'నెల్లూరు మొలగొలుకులు' అని అచ్చేయించి అమ్ముతోంది అనుకుందాం. ఆ పేరును ట్రేడ్ మార్కుగా రిజిస్టరు చెయ్యమంటే మామూలుగా కుదరదు. నెల్లూరు ఊరి పేరు, మొలగొలుకులు వడ్ల రకం పేరు. ఊరి పేరు, సరుకు పేరు, గుణం చెప్పే మాట ఏ ఒక్కరి సొత్తూ కాదంటుంది 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం. ఏళ్ల తరబడి వాడకంతో ఆ పేరు వింటే మీ సరుకే గుర్తొస్తుందని రుజువు చూపగలిగితే తప్ప. దేవుళ్ల, పవిత్ర గ్రంథాల పేర్లతోనూ చిక్కే. 'రామాయణం' పేరును అగరుబత్తులకు ఒక్కరికే కట్టబెట్టలేమని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకుతో పొత్తు లేని మాటో, మీరు కల్పించిన మాటో గట్టి పేరు.

బస్తాలు అచ్చుకు ఇవ్వకముందే ట్రేడ్ మార్కులు చూసే ప్రభుత్వ విభాగం ఐపీ ఇండియా వెబ్‌సైటులో ఆ పేరు ముందే ఉందేమో వెతకండి, పైసా ఖర్చు లేదు. అక్షరాలు వేరైనా పలికితే ఒకేలా వినిపించే పేర్లూ చూడండి. చాలా దరఖాస్తులు అక్కడే ఆగుతాయి.

తర్వాత తరగతి, అంటే మీ సరుకో సేవో ఏ కోవలోకి వస్తుందన్నది. మొత్తం 45 ఉన్నాయి. వడ్లు 31, అవే మిల్లాడించి బియ్యం చేస్తే 30. బతికున్న రొయ్య 31, ఐసులో పెట్టిన రొయ్య, రొయ్యల పచ్చడి 29. మలై కాజా 30, భోజన హోటల్ 43, చీమకుర్తి గ్రానైట్ పలకలు 19. పచ్చడి అమ్మేవారు 30లో వేస్తే కట్టిన ఫీజు పచ్చడికి అక్కరకు రాదు. దరఖాస్తు ఫారం టీఎం-ఎ ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో తరగతికి వ్యక్తులకు, స్టార్టప్‌లకు, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) సర్టిఫికెట్ ఉన్న చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తాయి.

ఆ పేరు ముందునుంచీ వాడుతుంటే మొదటి తేదీ రాసి, అఫిడవిట్‌తో కాగితాలు జతచెయ్యాలి. మొదటి బస్తాలు అచ్చేయించినప్పటి బిల్లు పారెయ్యకండి. దాని మీద తేదీ, మీ మార్కు రెండూ కనిపించాలి. రేపు ఎవరైనా అదే పేరు రిజిస్టరు చేయించుకున్నా, వాళ్లకంటే ముందునుంచీ ఆపకుండా వాడుతున్నారని చూపితే మిమ్మల్ని ఆపలేరు.

ఆపైన అంతా గడువులదే. రిజిస్ట్రీ పంపే అభ్యంతరాల రిపోర్టు అందాక నెలలోపు జవాబివ్వాలి. రిజిస్ట్రీ ప్రకటించే ట్రేడ్ మార్కుల జర్నల్‌లో పడ్డాక 4 నెలల్లో ఎవరైనా వ్యతిరేకించవచ్చు. ఆ నోటీసు మీకు అందాక 2 నెలల్లో కౌంటర్ స్టేట్‌మెంట్, అంటే మీ జవాబు, వెయ్యకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే. ఇవి ఈమెయిలుకే వస్తాయి కనుక, ఏజెంటుదొక్కటే కాక మీదీ ఇవ్వండి.

సర్టిఫికెట్ వచ్చేదాకా పేరు పక్కన టీఎం అనే వేసుకోవాలి, సున్నాలో ఆర్ వెయ్యకూడదు. 10 ఏళ్ల లెక్క దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి, సర్టిఫికెట్ తేదీ నుంచి కాదు. గడువుకు ఏడాది ముందునుంచే తరగతికి 9,000 కట్టి రెన్యూవల్ చేయించవచ్చు. దాటితే 6 నెలల వరకు అదనంగా 4,500. ఆలోపూ కట్టకపోతే మార్కును రిజిస్టరు నుంచి తీసేస్తారు. గడువు ముగిసిన ఏడాదిలోపు మళ్లీ తెచ్చుకోవచ్చు, దానికి ఫీజు వేరు. రిజిస్టరు చేసి 5 ఏళ్లకు పైగా వాడకుండా ఉంచితే, తీసెయ్యమని దానివల్ల ఇబ్బంది పడేవారెవరైనా అడగవచ్చు. కొత్త బస్తాల మీద బొమ్మను పోలిక మారేలా మారిస్తే, దానికి కొత్త దరఖాస్తే వేయండి.