రేపు మళ్లీ పరుగెత్తాలి

అందరికీ నమస్కారం. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు చూసుకుంటూ, మిగిలిన కాస్త సమయంలో పరుగెత్తేవాళ్లే ఇక్కడ ఎక్కువమంది. ముందు మనలాంటివాళ్ల సాధన వారం గురించి మాట్లాడతాను. తర్వాత టెర్రీ ఫాక్స్ గురించి. అతని పేరు తలవకుండా ఛారిటీ రన్, అంటే మంచి పనికి డబ్బు పోగుచేసే పరుగు, మాటెత్తడం నాకు చేతకాదు.

వారానికి నాలుగు రోజుల పరుగు చాలు. రెండు తేలిక పరుగులు, ఒక వేగం రోజు, ఒక లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం పరుగెత్తే రోజు. మిగిలిన మూడింట్లో ఒకరోజు పిక్కలకు, తొడలకు, నడుముకు బలమిచ్చే కసరత్తు. ఒకరోజు నడకో, సైకిలో. ఒకరోజు పూర్తి విశ్రాంతి. ఆ విశ్రాంతిని ఎవరూ దొంగిలించకుండా చూసుకోండి, ముఖ్యంగా మీరే.

వేగం రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బాగా వార్మప్ చేసి, 400 మీటర్లు గట్టిగా పరుగెత్తి, ఊపిరి కుదుటపడేదాకా నడిచి, మళ్లీ మొదలుపెట్టడం. అలా ఆరుసార్లు. మొదటిదానికి పట్టిన సమయమే ఆరోదానికీ పడితే ఆ రోజు బాగా జరిగినట్టు.

నా పట్టుదలంతా తేలిక పరుగు మీదే. పక్కన పరుగెత్తేవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి అందుకోవాల్సి వస్తే అది తేలిక పరుగు కాదు. చాలామందికి ఇది చిన్నతనంగా ఉంటుంది. ఎవరైనా దాటి వెళ్తే చాలు, కాళ్లు వాటంతటవే వేగం అందుకుంటాయి. కానీ ఆ నెమ్మది పరుగులోనే కండరాల్లో సన్నని రక్తనాళాలు కొత్తగా పుడతాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతుంది. గుండె ఒక్కసారి కొట్టుకుంటే పంపే రక్తం ఎక్కువవుతుంది. అగ్రశ్రేణి క్రీడాకారుల సాధనను ఏళ్లతరబడి పరిశీలించిన స్టీఫెన్ సైలర్ గమనించింది కూడా ఇదే: వాళ్ల సాధనలో దాదాపు 80 శాతం తేలికపాటిదే. అంతటివాళ్లే నెమ్మదిగా పరుగెత్తుతుంటే మనకు మొహమాటం దేనికి?

ఇంకో సంగతి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. ఎముకలకు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులకు నెలలు పడుతుంది. దమ్ము వచ్చేసింది కదా అని దూరం అమాంతం పెంచితే, దెబ్బ తగిలేది మోకాలి కింద ముందువైపు ఎముకకు, మడమ వెనక అకిలెస్ స్నాయువుకు. అడుగడుగుకీ పెరిగే నొప్పి వస్తే ఆ రోజు అక్కడే ఆపేయండి. రేపు మళ్లీ పరుగెత్తగలగడమే మనకు కావలసిన నేర్పు.

ఆ నేర్పు ఎంత కష్టమైనదో టెర్రీ ఫాక్స్‌ను చూస్తే తెలుస్తుంది. కెనడా కుర్రాడు. 1977లో, 18 ఏళ్ల వయసులో, ఎముక క్యాన్సర్ వల్ల కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆపరేషన్‌కు ముందు, కృత్రిమ కాలితో న్యూయార్క్ మారథాన్ పూర్తిచేసిన డిక్ ట్రామ్ గురించి ఒక పత్రికలో చదివాడు. ఆసుపత్రిలో తన చుట్టూ ఉన్న రోగుల బాధ చూశాడు. దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తి, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయాలనుకున్నాడు.

అనుకోగానే బయలుదేరలేదు. సాధనలోనే 5,000 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాడు. 1979లో ప్రిన్స్ జార్జ్ అనే ఊళ్లో ఒక పోటీలో పాల్గొని అందరికన్నా ఆఖరున వచ్చాడు. తనకు ముందు ముగించిన మనిషికీ తనకూ పది నిమిషాల తేడా. అక్కడున్న రన్నర్లు కన్నీళ్లతో చప్పట్లు కొట్టారు.

1980 ఏప్రిల్ 12న కెనడా తూర్పు కొసన ఉన్న సెయింట్ జాన్స్‌లో కృత్రిమ కాలిని అట్లాంటిక్ నీళ్లలో తడిపి మొదలుపెట్టాడు. రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు, అంటే రోజుకో మారథాన్. అప్పటి కృత్రిమ కాళ్లు పరుగుకోసం చేసినవి కావు. అందుకని మంచికాలి మీద రెండుసార్లు గెంతి, అప్పుడు ఆ కాలు వేసేవాడు. ఎదురుగాలి, మంచు, వాన. మొదట్లో చాలాచోట్ల పట్టించుకున్నవాళ్లే తక్కువ. మొత్తం దూరాన్ని తలుచుకోకుండా ఆ బోర్డు దాకా, ఆ మలుపు దాకా అంటూ దారిని ముక్కలు చేసుకునేవాడు. అతని దినచర్యను మనం అనుకరించకూడదు, శరీరం ఒప్పుకోదు. ఈ ముక్కలు చేసుకోవడం మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు. లాంగ్ రన్‌లో కాళ్లు బరువెక్కినప్పుడు నిజంగా పనికొస్తుంది.

సెప్టెంబర్ 1న థండర్ బే దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. అప్పటికి 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. దేశంలో మనిషికో డాలర్ చొప్పున కావాలన్నది అతని కోరిక. 1981 ఫిబ్రవరికల్లా 2.4 కోట్ల డాలర్లు దాటి ఆ కోరిక తీరింది. ఆ జూన్ 28న, 23 ఏళ్లు నిండకుండానే చనిపోయాడు.

ఆ సెప్టెంబర్‌లోనే మొదటి టెర్రీ ఫాక్స్ రన్ జరిగింది. మూడు లక్షల మంది వచ్చారు. అందులో విజేత ఉండడు, బహుమతి ఉండదు. నడిచేవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, పసిపిల్లల బండి తోసుకుంటూ వచ్చేవాళ్లు, అందరికీ ఒకే దారి. పోటీ వద్దన్నది టెర్రీ కోరికే. పరుగు పందేల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం అది.

మీరు ఛారిటీ రన్‌కు పేరిస్తే, ముందుగా నిర్వాహకులను అడగండి: కట్టే డబ్బులో ఎంత ఖర్చులకు పోతుంది, ఎంత ఎవరికి చేరుతుంది? అడగడం తప్పు కాదు. పరుగుకు ముందు వారం దూరం సగానికి తగ్గించండి, లాంగ్ రన్ మానేయండి, నిద్ర పెంచండి. ఆ ఉదయం పిల్లలకు, చక్రాల కుర్చీలకు దారి వదిలి మొదలుపెట్టండి. మర్నాడు నడక చాలు. ఆ వారంలోనే, మీ మాట మీద డబ్బిచ్చిన ప్రతి ఒక్కరికీ ఎంత పోగైందో, ఏ పనికి చేరిందో స్వయంగా రాసి పంపండి.