బాంబు పడని ఊళ్లో యుద్ధ నవల: 1942 నెల్లూరు

(తెర మీద: పాత మద్రాసు రాష్ట్రం పటం. నెల్లూరు దగ్గర చుక్క.)

టీనేజీ పిల్లలకు యుద్ధకాలం నవల రాద్దాం అనుకోగానే మనవాళ్లు హీరోకి తుపాకీ ఇచ్చి బర్మా పంపించేస్తారు. అంత దూరం అక్కర్లేదు. నెల్లూరు జిల్లా దాటకుండానే రెండో ప్రపంచ యుద్ధం నవల రాయొచ్చు. ఎలాగో చూద్దాం.

ముందు తేదీలు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు, మర్నాడే విశాఖపట్నం, కాకినాడల మీద. మద్రాసులో జనం ఇళ్లకు తాళాలేసుకుని బంధువులున్న ఊళ్లకు బయల్దేరారు. బాంబు పడి బోన్లు పగిలితే కష్టమని జూలో క్రూరమృగాలను కాల్చేశారు.

ఈ పులుల సంగతి వినగానే రాసేవాళ్లకు నోరూరుతుంది. నాకూ ఊరింది. కానీ నేరుగా చూపించొద్దు. మద్రాసు నుంచి మూటాముల్లెతో దిగిన మేనత్త కొడుకు రెండింతలు చేసి చెప్పాలి, మన కథానాయిక సగం నమ్మాలి.

ఎవరా కథానాయిక? సైదాపురం పక్క పల్లెలో పద్నాలుగేళ్ల పిల్ల. అభ్రకం (మైకా) రేకులు విడదీసే పనికి పోతుంది.

(తెర మీద: చేతిలో అభ్రకం పలక, కత్తిమొనతో ఒక్కో పొర ఊడదీయడం.)

అసలు యుద్ధం ఇక్కడే ఉంది. అభ్రకం వేడికి తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు, పల్చటి రేకులుగా విడిపోతుంది. అందుకే రేడియోలకు, విమానాల ఇంజన్లకు అది తప్పనిసరి. ఆ రోజుల్లో దీనికి సాటి వచ్చే సరుకు లేక బ్రిటన్, అమెరికా ఎక్కువగా మన దేశం మీదే ఆధారపడ్డాయి. నెల్లూరు అభ్రకం లేత ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. చేత్తో రేకులు తీసే పనిలో ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువ.

ఓ చిన్న మాట చాలు:

“నాయనా, ఈ రేకులన్నీ యాడికి పోతాయి?”
“గూడూరుకు. ఆణ్ణించి ఓడెక్కి దొరల దేశానికి.”
“దొరలు ఏం జేసుకుంటారు?”
“ఇమానాల్లో పెట్టుకుంటారంట. నీకెందుకుమే, పని జూడు.”

అన్న నెల్లూరు వి.ఆర్. కాలేజీలో చదువుతుంటాడు. ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం. 12న తెనాలిలో రైల్వే స్టేషన్ తగలబెట్టారు, పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కబురు రైలు మార్గం వెంట దక్షిణానికి దిగొస్తుంది. ఓ రాత్రి అన్న టెలిగ్రాఫ్ తీగలు కోయడానికి పోతాడు. అతని ఫీజు కట్టింది ఎవరు? యుద్ధానికి రేకులు తీసే చెల్లెలు. అన్న చెడ్డవాడు కాదు, చెల్లెలు ద్రోహీ కాదు. ఈ ముడి పడ్డాక తుపాకీతో పనేముంది?

ఇక రాసేవాళ్లు జారిపడే చోట్లు. 1942లో ప్రకాశం జిల్లా లేదు. అది 1970లో ఏర్పడింది, ఆ పేరు 1972లో వచ్చింది. అప్పుడు ఒంగోలు గుంటూరు జిల్లాలో, కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేవి. దూరాలు మైళ్లలో, కూలి అణాల్లో రాయండి. రాగి ఆదా కోసం వేసిన చిల్లు కాణీ మీకు ఎంత ముద్దొచ్చినా 1943కి ముందు ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. బర్మా బియ్యం ఆగిపోయాక పడ్డ కరువును మాత్రం లెక్కలతో చెప్పొద్దు, వంటింట్లో గంజి పల్చబడితే చదివేవాడికి తెలిసిపోతుంది.

ముగింపు 1947 ఆగస్టు 15 దాకా లాగకండి. పద్నాలుగేళ్ల పిల్లకి పంతొమ్మిదేళ్లు వచ్చేస్తాయి, అది వేరే నవల. అన్న జైల్లో ఉండగానే, ఆ పిల్ల పనికి పోవాలా మానాలా తేల్చుకున్న రోజున ఆపేయండి. ఏం తేల్చుకుందో మీ ఇష్టం. నా కథలో అయితే పోతుంది.