బల్బులో వెలుగు అంతకుముందు ఎక్కడుంది?

(తెర మీద: చీకటి గది. టక్. లైటు వెలిగింది.)

స్విచ్ వేశాం, లైటు వెలిగింది. మరి ఈ వెలుగు ఇందాకటి దాకా ఎక్కడుంది? వైర్లో దాక్కుందా? లేదు పిల్లలూ, వైర్లో వచ్చింది కరెంటు, అంటే విద్యుత్ శక్తి, అది బల్బు దాకా వచ్చి కాంతిగా వేషం మార్చింది. శక్తి అచ్చం పగటివేషగాడే. మనిషి ఒక్కడు, వేషాలు బోలెడు.

కరెంటుకు ముందు ఏ వేషం? వైరు పట్టుకుని వెనక్కి పోదాం. (మాటవరసకే! నిజంగా ముట్టుకోకండి, ఇంట్లోకి వచ్చేది 230 వోల్టులు, ప్రాణం పోతుంది.) స్తంభాలు, సబ్‌స్టేషన్, పెద్ద టవర్లు దాటి శ్రీశైలం డ్యామ్ చేరామనుకోండి. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తుంది, ఆ కథ ఇంకో వీడియోలో.

(తెర మీద: డ్యామ్, గొట్టంలో దూకే నీళ్లు, తిరిగే చక్రం.)

డ్యామ్ వెనక కృష్ణా నీళ్లు కదలకుండా ఉన్నాయి, వాటిలో శక్తేంటి అంటారేమో. ఎత్తులో ఉన్నాయి కదా, అదే స్థితిశక్తి. అటక మీది బిందె చూడండి, ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, జారిందో, ఇల్లంతా మోతే. నీళ్లు లావుపాటి గొట్టాల్లోంచి కిందికి దూకితే గతిశక్తి, ఆ ఊపుకి టర్బైన్ అనే చక్రం గిర్రున తిరుగుతుంది, దానికి బిగించిన జనరేటర్లో అయస్కాంతాలూ రాగి తీగచుట్టలూ ఉంటాయి. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. శ్రీశైలం ఎడమగట్టున ఇలాంటి చక్రం-జనరేటర్ జతలు 6, ఒక్కోటి 150 మెగావాట్లు (మెగావాట్ అంటే 10 లక్షల వాట్లు), అన్నీ తిరిగితే 900 మెగావాట్లు. లెక్క వేస్తే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 10 కోట్లు!

మరి నీళ్లను అంత ఎత్తుకు మోసిందెవరు? ఎండ. సముద్రపు నీటిని ఆవిరి చేసి పైకి లేపింది, మేఘాలు పడమటి కనుమల మీద కురిశాయి, కృష్ణ నిండింది. సూర్యుడి దగ్గర బయల్దేరిన వెలుగు మన దాకా రావడానికి 8 నిమిషాల పైనే పడుతుంది, అక్కణ్ణుంచి వేడై, ఎత్తై, వేగమై, కరెంటై, మళ్లీ వెలుగై మీ గదిలోకొచ్చింది. దారిలో కొంత వేడిగా జారిపోతుంది కూడా. పాత గుండు బల్బైతే తాగిన కరెంటులో చాలావరకు వేడికే తగలేసేది!

(తెర మీద: డైనమో ఉన్న పాత సైకిల్.)

ఇప్పుడు మీ వంతు. పెడల్ తొక్కితే ఈ లైటు వెలుగుతుంది. వెనక్కి పోండి: డైనమో (అంటే బుల్లి జనరేటర్), చక్రం, కాళ్లు, పొద్దున తిన్న ఇడ్లీ... ఇడ్లీకి ముందు ఏ వేషమో కామెంట్లో రాయండి.