పిల్లి గిన్నెలో ఏముండాలి

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ పిల్లుల తిండి గురించి మాట్లాడతాను. మన గోదావరి జిల్లాల్లో పిల్లి లేని వీధి ఉండదు. వాటికి ఎక్కువమంది పెట్టేది పాలన్నమో పెరుగన్నమో, చేపలు వండిన రోజైతే పులుసు కలిపిన నాలుగు మెతుకులో. ప్రేమగానే పెడతాం. కానీ పిల్లి ఒంటికి కావలసింది అందులో దాదాపు ఏమీ లేదు. "మా నాయనమ్మ కాలం నుంచీ పాలన్నమే పెడుతున్నాం, పిల్లులన్నీ బాగానే ఉన్నాయి కదండీ" అని మీరు అడగొచ్చు. బాగానే ఉండేవి, నిజమే. ఎందుకంటే వాటి అసలు భోజనం మనం పెట్టింది కాదు. గడ్డిమేటు కింద, ధాన్యం పురుల దగ్గర, వరిచేల గట్ల మీద అవి పట్టుకు తిన్న ఎలకలూ బల్లులూ పిట్టలే వాటిని బతికించాయి. మనం పెట్టిన పాలన్నం చిరుతిండి మాత్రమే. ఇప్పుడు భీమవరంలోనో కాకినాడలోనో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో తలుపులు వేసి పెంచుతున్న పిల్లికి ఎలక ఎక్కడ దొరుకుతుంది? మనం గిన్నెలో వేసిందే దానికి దిక్కు. (పల్లెల్లో కూడా చేలల్లో ఎలకల మందు పెట్టిన రోజుల్లో పిల్లిని బయటికి వదలకండి, మందు తిన్న ఎలకను తింటే దాని ప్రాణానికీ ముప్పే.)

పిల్లి పూర్తి మాంసాహారి. మనలాగా, కుక్కలాగా దొరికినదానితో సర్దుకునే శరీరం కాదు దానిది. టారిన్ అనే పదార్థాన్ని మన ఒళ్లు తనే తయారు చేసుకుంటుంది. పిల్లి ఒళ్లు సరిపడా చేసుకోలేదు, కాబట్టి అది మాంసం నుంచో చేప నుంచో రావాలి. టారిన్ చాలకపోతే గుండె కండరం బలహీనపడి గుండె ఉబ్బుతుంది, కంటి లోపలి పొర దెబ్బతిని చూపు పోతుంది. ప్యాకెట్ తిండి తయారుచేసే కంపెనీలకు కూడా ఈ సంగతి ఆలస్యంగానే తెలిసింది. 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పాల్ పియన్ అనే పశువైద్యుడూ ఆయన సహచరులూ గుండెజబ్బు వచ్చిన పిల్లులకు టారిన్ ఇస్తే తేరుకుంటున్నాయని చూపించాకే, ఆ తిండిలో దాని మోతాదు పెంచారు. క్యారెట్టూ ఆకుకూరా తిని మనం విటమిన్ ఏ తయారు చేసుకుంటాం కదా, పిల్లికి అదీ చేతకాదు. అందుకే శాకాహారుల ఇళ్లలో పిల్లిని పెంచుతున్నవాళ్లకు ఒక మాట చెప్పాలి, ఏమీ అనుకోకండి. మీ నియమం మీరు పాటించండి, పిల్లి చేత పాటింపజేయకండి. ఇంట్లో మాంసం వండక్కర్లేదు, పిల్లుల కోసం చేసిన ప్యాకెట్ కొనిపెడితే చాలు. కుక్కల ప్యాకెట్ మాత్రం వద్దు, అందులో పిల్లికి చాలినంత టారిన్ ఉండదు.

పాల సంగతి. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు. ఇష్టంగా తాగుతాయి, తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. గిన్నెలో నీళ్లు పెట్టండి, చాలు.

ఇక చేప. డెల్టాలో ఉండి పిల్లికి చేప పెట్టొద్దని ఎవరూ అనలేరు, నేనూ అనను. ఎలా పెడుతున్నామన్నదే నా బాధ. బొచ్చో శీలావతో కోసేటప్పుడు తలా పేగులూ పచ్చిగానే పిల్లి ముందు పడేస్తాం, మెత్తళ్లయితే దోసెడు అలాగే వేసేస్తాం. చాలా మంచినీటి చేపల్లోనూ మెత్తళ్లలాంటి కొన్ని సముద్రపు చేపల్లోనూ థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. రోజూ పచ్చిచేపే తినే పిల్లి కొన్ని వారాలకు తిండి మానేస్తుంది, తూలుతుంది, తల కిందికి వాలిపోతుంది, ఫిట్స్ కూడా వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. కాబట్టి ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, వారంలో ఒకటి రెండుసార్లు పెట్టండి. ఎండుచేపలు వద్దు, అందులో ఉప్పు మరీ ఎక్కువ. పులుసన్నం అసలే వద్దు. పులుసులో ఉడికిన ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. వండినంత మాత్రాన ఆ విషం పోదు, ముక్కలు ఏరేసినా పులుసులో ఉండనే ఉంటుంది.

చికెన్ షాపులో గుండెకాయలు అడిగి తీసుకోండి, టారిన్ వాటిలో బాగా ఉంటుంది. ఉడికించిన నీళ్లు పారబోయకండి, టారిన్ ఆ నీళ్లలోకి దిగుతుంది, నీళ్లతో సహా పెట్టేయండి. కార్జం ఎప్పుడైనా ఒక చిన్న ముక్క మంచిదే, రోజూ పెడితే విటమిన్ ఏ ఎక్కువై మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. వండిన ఎముకలు పెట్టకండి, చీలి గొంతులో గుచ్చుకుంటాయి. ఉత్త మాంసమే రోజూ పెట్టినా కష్టమే, అందులో కాల్షియం చాలా తక్కువ, పిల్లి కూనలకు ఎముకలు గట్టిపడవు. అందుకని నన్నడిగితే ప్యాకెట్ తిండే ప్రధానంగా పెట్టి, ఇంట్లో ఉడికించింది పైన కొంచెం ఇవ్వడం మేలు. ప్యాకెట్ మీద 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని రాసి ఉందో లేదో, కూనలకో పెద్దవాటికో చూసి కొనండి. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది పూర్తి భోజనం కాదు.

ఇంట్లోనే ఉండే నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కేలరీలు సరిపోతాయి. పొడి తిండి అయితే అరవై గ్రాములు, కొంచెం అటూ ఇటూగా. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచితే పిల్లి లావెక్కిపోతుంది.

పొడి తిండిలో నీరు పది శాతమే ఉంటుంది, తడి పౌచ్‌లో ఎనభై శాతం దాకా ఉంటుంది. పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతాలవి, దానికి దాహం తక్కువ, ఇంటి పక్కనే కాలువ పారుతున్నా తాగాల్సినంత తాగదు. రోజూ కొంత తడి తిండి పెట్టండి. మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని చుక్క రాక అరుస్తుంటే తెల్లారేదాకా ఆగకండి, మూత్రం బిగిస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

తిండి మార్చాలనుకుంటే ఒక్కసారిగా మార్చకండి, వారం పది రోజుల పాటు పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ పోండి. పిల్లి మొండికేస్తే "ఆకలేస్తే అదే తింటుందిలే" అని ఊరుకోవద్దు. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ముందు పాత తిండే పెట్టి తినిపించండి, అదీ ముట్టకపోతే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. సెలవు.