మేస్త్రీగారి అమ్మాయి, ఎంటెక్ స్ట్రక్చర్స్

యాంకర్: సార్, సివిల్ ఇంజినీరింగ్ చదువు గురించి మిమ్మల్ని అడగడానికి టెక్కలి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. నేను తాపీ మేస్త్రీని. మా అమ్మాయిది బీటెక్ సివిల్, ఆఖరి సంవత్సరం. ఎంటెక్ స్ట్రక్చర్స్ చదువుతానంటోంది. ఇరవై ఐదేళ్లుగా స్లాబులు పోస్తున్నాను, ఇంకా రెండేళ్లు చదవడానికి దాంట్లో ఏముంటుందండీ?

సార్: మేస్త్రీగారూ, బాల్కనీ స్లాబుకి మెయిన్ కడ్డీ పైన కడతారా, కింద కడతారా?

కాలర్: పైనేనండి. కింద కడితే సెంట్రింగ్ విప్పగానే దిగిపోతుంది కదా.

సార్: అదేనండీ. మీ చేతికి తెలిసిన ఆ సంగతినే పది అంతస్తుల బిల్డింగుకి, గాలి పక్కనుంచి తోసినప్పుడు, భూమి కంపించినప్పుడు ఏ కడ్డీ మీద ఎంత లాగుడు పడుతుందో లెక్కకట్టడమే ఆ చదువు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది, మీరు చూసే ఉంటారు. గాలి రేకుల్ని చాలాసార్లు కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. కట్టడాల మీద గాలి లోడు లెక్కకి మన దేశపు ప్రమాణం, 2015లో సవరించిన ఐఎస్ 875 మూడో భాగం చూడండి, తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు కట్టే ఆస్పత్రులు, తుపాను షెల్టర్లకి గాలి వేగాన్ని 1.3 రెట్లు చేసి లెక్కించమంటుంది. వేగం అంత పెరిగితే ఒత్తిడి దాదాపు 1.7 రెట్లవుతుంది. మన జిల్లాలో కట్టేవాళ్లకి ఇది తెలియాలండీ, చాలామందికి తెలియదు, నాకు అదే బాధ.

కాలర్: మరి ఖర్చు?

సార్: ఎంటెక్ సీట్లకి జాతీయ స్థాయిలో జరిగే గేట్ పరీక్ష రాయమనండి. ఆ స్కోరుతో సీటొస్తే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎన్ఐటీలకి సీసీఎంటీ కౌన్సెలింగ్, మన రాష్ట్రంలో కాలేజీలకి పీజీఈసెట్ ప్రవేశ పరీక్ష, దగ్గర్లో కావాలంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. ఈ ఏడు మంచి స్కోరు రాకపోతే ఇంకో ఏడాది చదవనివ్వండి గానీ, బీమ్ పగిలేదాకా లోడ్ పెట్టి చూసే ల్యాబ్ కూడా లేని చోట అప్పు చేసి మాత్రం చేర్పించకండి. అమ్మాయి పక్కనే ఉందా?

అమ్మాయి: ఉన్నాను సార్. నాకు స్టాడ్ ప్రో వచ్చు, బిల్డింగుల లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్.

సార్: మంచిదమ్మా. రెండు స్పాన్ల కంటిన్యుయస్ బీమ్, అంటే మూడు సపోర్టుల మీద తెగకుండా సాగే బీమ్, మధ్య సపోర్టు దగ్గర టెన్షన్, అదే లాగుడు, ఎటు?

అమ్మాయి: పైన సార్.

సార్: ఆ మధ్య సపోర్టు కాస్త కుంగితే?

అమ్మాయి: పైన టెన్షన్... తగ్గుతుంది సార్. ఇంకా కుంగితే కిందికి మారుతుందేమో.

సార్: మారుతుంది! కంప్యూటర్ తెరవకుండా చెప్పావు చూడు, ఎంటెక్‌లో చదివే మ్యాట్రిక్స్ మెథడ్స్, ఫైనైట్ ఎలిమెంట్స్, డైనమిక్స్ అన్నీ దీని మీదే నిలబడతాయి. రోజూ ఒక డయాగ్రమ్ చేత్తో గియ్యి. మేస్త్రీగారూ, నా మాటగా చదివించండి.

కాలర్: సరేనండీ. రేపు మాకు ఒక బాల్కనీ స్లాబుంది, కాంక్రీటు పోసేవాళ్లు పై కడ్డీని తొక్కి దింపేస్తారు. అమ్మాయిని తీసుకెళ్తాను, పై కడ్డీని ఎత్తి పట్టే చైర్లు సరిగ్గా పెట్టారో లేదో తనే చూస్తుంది.