38 శాతం వస్తే మనిషి ఏమైనట్టు? సదరం మీద తిరుపతి చర్చ

సదరం అంటే మనిషికి వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. మళ్లీ పరీక్ష చేస్తే శాతం తగ్గింది, దివ్యాంగుల పింఛను రాదు అంటూ 2025 ఆగస్టులో ఇళ్లకు నోటీసులు వచ్చిన దగ్గర్నుంచి మన జిల్లాలో ఈ గొడవ చల్లారలేదు. దాని మీద తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ఎవరు ఎవరికి అడ్డం పడ్డారో అట్లాగే ఉంచాను, కొన్ని మాటలు వినపడక వదిలేశాను.

మోడరేటర్: అందరికీ సమానంగా టైమ్ ఇస్తాం. డాక్టర్ గారూ, సూటిగా అడుగుతున్నా. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయా, లేవా?

రిటైర్డ్ ఎముకల డాక్టరు: ఉన్నాయి. కానీ ముందు పర్సంటేజీ ఎట్లా వేస్తారో...

దివ్యాంగుల సంఘం నాయకుడు: ఒక్క నిమిషం సార్. మొదటి ప్రశ్నే దొంగల గురించా? కాలు లేని మనిషిని నిలబెట్టి నువ్వు దొంగవా అని అడుగుతున్నారా?

మోడరేటర్: అట్లా కాదన్నా, 2024 జూలైలో పింఛను 3,000 నుంచి 6,000 అయింది, మంచం పట్టినవాళ్లకు 15,000 ఇస్తున్నారు. డబ్బు పెరిగితే బ్రోకర్లు రారా?

నాయకుడు: వస్తే బ్రోకర్‌ని పట్టుకోండి! ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది కూడా డాక్టరే కదా, ఆయనకు నోటీసు పోయిందా?

డాక్టరు: నన్ను చెప్పనివ్వండి. కీలు ఎంత వంగుతోందో కొలుస్తాం, కండరంలో బలం చూస్తాం, ఒంటికాలి మీద నిలబడగలడా చూస్తాం. అన్నిటికీ లెక్క ఉంది. కనీసం 40 శాతం వస్తేనే పింఛను. రెండు లోపాలుంటే మామూలుగా కూడం. పెద్దది 30, చిన్నది 10 అనుకోండి...

నాయకుడు: 40 అయింది కదా!

డాక్టరు: కాదు. 90లోంచి 30 తీసేస్తే 60. దాన్ని 10తో హెచ్చించి 90తో భాగిస్తే ఆరున్నర పైన వస్తుంది. అది 30కి కలిపితే 37కి కాస్త తక్కువ.

నాయకుడు: విన్నారా? మా ఊళ్లో ఒకటో తరగతి పిల్లోడు కూడా 30, 10 కలిపితే 40 అంటాడు!

(ఇక్కడ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. డాక్టరు చెప్పింది నిబంధనల్లో ఉన్న సూత్రమే. కానీ ఆ సూత్రం నోటీసు అందుకున్న మనిషికి ఎవరూ విడమరచి చెప్పరు, నాకు కడుపు మండేది అక్కడే.)

న్యాయవాది: 1995 దివ్యాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. సెక్షన్ 59 కింద అప్పీలు...

నాయకుడు: మేడమ్, అప్పీలుకు మళ్లీ సచివాలయం, మళ్లీ స్లాట్, మళ్లీ ఆటో బాడుగ! ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోది బాగుంటే ఎంతిస్తారు? డాక్టర్ గారినే చెప్పమనండి.

డాక్టరు: 30.

నాయకుడు: ముప్పై! ఆ మనిషి రాత్రిపూట లారీ తోలగలడా?

డాక్టరు: ఫారంలో కంటిచూపు ఎంతో అడుగుతారండీ, ఏం పని చేస్తాడో అడగరు. అది నా చేతిలో లేదు.

నాయకుడు: అదే నేను మొదట్నుంచీ చెప్తోంది! కీలు కొలుస్తారు, కూలి కొలవరు!

మోడరేటర్: సరే, బ్రోకర్ల సంగతికి వద్దాం...

చంద్రగిరి నుంచి వచ్చిన తల్లి: సార్, నేను మాట్లాడొచ్చా? మా వాడు బేల్దారి పనికి పోతా ఆటో కింద పడినాడు. మోకాలు ముడవదు. గోడ పనికి కట్టే సారవ ఎక్కలేడు. పోయినసారి 45 రాసినారు, ఇప్పుడు 38 అన్నారు. కాలు అట్లే ఉంది సార్.

మోడరేటర్: అప్పుడు పుత్తూరు కట్టు, అదే ఎముకలకు వేసే నాటు కట్టు, కట్టించారా అమ్మా?

తల్లి: కట్టించినాము.

డాక్టరు: కట్టు తప్పని నేననను. పాత ఎక్స్‌రే, ఆపరేషన్ కాగితాలు ఉంటే పోల్చి చూడటానికి...

(దీంతో నాలుగైదు నిమిషాలు పుత్తూరు కట్టు మీదే నడిచింది. ఆమె అడిగింది అందరూ మర్చిపోయారు.)

న్యాయవాది: ఆమెకు జవాబు చెప్పండి. అప్పీలు చేసుకోవచ్చమ్మా. పాత సర్టిఫికెట్, కొత్తది రెండూ పెట్టండి, ఏ కీలుకు ఎంత వేశారో రాసిన కాగితం అడిగి...

నాయకుడు: అడిగితే ఇస్తారా మేడమ్? ఎవరిచ్చారు? నేను పదిహేనేళ్లుగా తిరుగుతున్నా, చెప్పులు అరిగాయి గానీ కాగితం రాలేదు!

మోడరేటర్: అన్న మాటల్లో ఆవేదన ఉంది, ఒప్పుకుంటాను. డాక్టర్ గారూ, పది సెకన్లు, బోగస్ ఏరివేత...

డాక్టరు: పది సెకన్లలో ఏం చెప్పేది? తీవ్రత తగ్గొచ్చు అనుకుంటే సర్టిఫికెట్ కొంతకాలానికే ఇస్తాం, తర్వాత మళ్లీ పరీక్ష...

నాయకుడు: తెగిన కాలు మళ్లీ మొలుస్తుందా?

డాక్టరు: తెగినదానికి కాదండీ నేను చెప్పేది...

మోడరేటర్: టైమ్ అయిపోయింది. చూశారుగా, సంఘం తరఫున అన్న గట్టిగా...

తల్లి: సార్, ఒకటో తేదీన పింఛను తెస్తారా, తేరా?