స్కెనెక్టడీలో ఒక శనివారం: డాక్టరు చదువు మధ్యలో మేనేజ్‌మెంట్ ఎందుకు?

నమస్కారం అండి. ఈరోజు ఉదయం ఏడింటికే బయలుదేరాం. ముందు సీట్లో టిఫిన్ డబ్బా, ఫ్లాస్కులో కాఫీ. వెనక మా పెద్దమ్మాయి, దాని ఒళ్లో ఒక పాత ఫైలు. అక్టోబరు కదా, దారి పొడవునా మేపుల్ చెట్లు కుంకుమ రంగుకు తిరిగాయి. వెళ్తున్నది న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీకి, యూనియన్ కాలేజీ చూడటానికి. ఇంటికి అరగంట దూరమే అయినా ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ గేటు దాటి లోపలికి వెళ్లలేదు.

అమ్మాయి పన్నెండో తరగతి. డాక్టరు కావాలని చిన్నప్పటి నుంచీ అంటోంది. ఈ కాలేజీ మీద మనసు ఎందుకు పడిందో తెలియాలంటే మాత్రం ముందు ఆ ఫైలు సంగతి చెప్పాలి.

మొన్న జనవరిలో అత్తయ్య తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఒకరోజు పొద్దున్నే మంచు గడ్డకట్టిన మెట్టు మీద కాలు జారి పడ్డారు. కుడి మణికట్టు వాచిపోయింది. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. దాదాపు నాలుగు గంటలు కూర్చున్నాం. ఆవిడ చేతిని శాలువలో చుట్టుకుని, నొప్పి అని ఒక్క మాట కూడా అనకుండా, ఎదురుగా ఉన్న గోడ గడియారం వైపే చూస్తూ కూర్చున్నారు. చివరికి డాక్టరు వచ్చారు. ఎంతో ఆప్యాయంగా మాట్లాడి, ఆరేడు నిమిషాల్లో చూసి, కట్టు వేయించి పంపారు. ఆయన పనిలో వంక పెట్టడానికేమీ లేదు.

నెల తిరిగేసరికి మూడు కవర్లు వచ్చాయి. ఆసుపత్రిది ఒకటి, డాక్టర్ల బృందానిది ఒకటి, ఎక్స్‌రే చూసిన రేడియాలజిస్టుది ఒకటి. ఈ దేశంలో ఇది మామూలే, ఆసుపత్రికి వేరే, వైద్యులకు వేరే కట్టాలి. వాటి వెనకే ఇన్సూరెన్సు వాళ్ల ఉత్తరం, అందులో ఒక బిల్లు చెల్లించబోమని. అమ్మాయి నాలుగు కాగితాలూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పరిచి, పెన్సిల్ పట్టుకుని ఒక్కో కోడ్ అర్థం వెతికి రాసుకుంది. ఇక్కడి కోడ్లలో కుడి చేతికి ఒక అంకె, ఎడమ చేతికి ఇంకో అంకె. ఒక బిల్లులో కుడి మణికట్టు అని ఉంది, మరో దానిలో ఎడమ అని ఉంది. తేడా ఒక్క అంకె! ఆ కాగితాలే ఈరోజు ఆ ఫైలులో ఉన్నాయి.

ఫోను చేస్తే రోగి అనుమతి లేనిదే వివరాలు చెప్పలేమన్నారు. అమ్మాయి స్పీకర్ పెట్టి నానమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. అత్తయ్య తన పేరు, పుట్టిన తేదీ ఇంగ్లీషులో కూడబలుక్కుని చెప్పి, మిగిలినది నా మనవరాలితో మాట్లాడండి అన్నారు. మూడు వారాలు, అయిదు ఫోన్లు పట్టాయి ఆ అంకె సరి కావడానికి. ఆ రాత్రి అమ్మాయి నన్ను అడిగింది: "అమ్మా, డాక్టరు బాగానే చూశారు, నర్సు బాగానే చూసింది. మరి నానమ్మకు ఇంత కష్టం ఎక్కడి నుంచి వచ్చింది?" ఆ ప్రశ్నే ఈరోజు మమ్మల్ని ఇక్కడిదాకా నడిపించింది.

ఇదిగో, వచ్చేశాం. పచ్చిక మధ్యలో గుండ్రంగా కనిపిస్తున్నదే నాట్ మెమోరియల్. దగ్గరికి వెళ్లి లెక్కపెడితే పదహారు పక్కలు. ఈ కాలేజీ 1795లో మొదలైంది. ఆ కట్టడం ఎలిఫలెట్ నాట్ పేరు మీద ఉంది. ఆయన 1804 నుంచి 1866 వరకు, అంటే 62 ఏళ్లపాటు ఈ కాలేజీకి అధ్యక్షుడు. లోపల నిలబడి పైకి చూస్తే గుమ్మటంలోని చిన్న చిన్న గాజు కిటికీల నుంచి రంగు వెలుగు దిగుతోంది. అమ్మాయి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడి చదువు పేరు లీడర్‌షిప్ ఇన్ మెడిసిన్. మొత్తం ఎనిమిదేళ్లు. యూనియన్‌లో బీఎస్, దానితోపాటే వైద్య సేవల నిర్వహణలో ఎంఎస్ గానీ ఎంబీఏ గానీ, ఆ తర్వాత ఆల్బనీ మెడికల్ కాలేజీలో ఎండీ. మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే గ్రాడ్యుయేట్ కాలేజీ 2016లో క్లార్క్‌సన్ విశ్వవిద్యాలయంలో విలీనమైంది, అప్పటి నుంచి ఆ డిగ్రీ వాళ్ల పేరు మీద వస్తోంది. ఆల్బనీ మెడికల్ కాలేజీ 1839 నాటిది. మన ఊళ్లో ఎండీ అంటే పీజీ అనుకుంటాం. అమెరికాలో అది మొదటి వైద్య పట్టా, మన ఎంబీబీఎస్ స్థానంలో ఉండేది. మనకు ఇంటర్ కాగానే నీట్ రాసి నేరుగా వైద్యంలో చేరతారు. ఇక్కడ మామూలుగా నాలుగేళ్ల డిగ్రీ అయ్యాకే మెడికల్ కాలేజీకి దరఖాస్తు. ఈ ఉమ్మడి చదువులో పదిహేడేళ్లకే రెండో సీటు కూడా ఖాయం చేస్తారు, అయితే గ్రేడ్లు నిలబెట్టుకోవాలి.

ఇదే మెడికల్ కాలేజీకి దగ్గర్లోని రెన్సెలేర్ పాలిటెక్నిక్ (ఆర్‌పీఐ)తో, సియెనా విశ్వవిద్యాలయంతో కూడా ఇటువంటి ఒప్పందాలు ఉన్నాయి. ఆర్‌పీఐ దారి పరిశోధన వైపు, సియెనా దారి మానవీయ శాస్త్రాలు, సమాజ సేవ వైపు, యూనియన్ దారి నిర్వహణ వైపు. తల్లిదండ్రులు మూడింటినీ ఒకే గాటన కట్టి, ఎక్కడ సీటు వస్తే అక్కడ చేరమంటారు. అది తప్పని నా గట్టి అభిప్రాయం. ఏ దారిలో పిల్లలకు నిజంగా ఆసక్తి ఉందో వాళ్ల నోటితోనే విని తెలుసుకోవాలి.

డాక్టరుకు ఈ లెక్కలతో పనేమిటని మావారు కూడా మొదట్లో అన్నారు. మన ఆరోగ్యశ్రీని తలచుకోండి. 2007లో మొదలైన ఆ పథకంలో ఫలానా ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ ఉంటుంది. రోగి ఎన్ని రోజులున్నా ఆసుపత్రికి వచ్చేది ఆ మొత్తమే. అమెరికాలో వయసు మళ్లినవాళ్లకోసం 1965లో చట్టమైన ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా 1983 నుంచి ఆసుపత్రులకు జబ్బు వర్గాన్ని బట్టి ముందే నిర్ణయించిన మొత్తం ఇస్తోంది. రోగిని ఎప్పుడు ఇంటికి పంపాలి, రాత్రి పూట ఎంతమంది నర్సులుండాలి, ఎమర్జెన్సీలో వరుస ఎందుకు కదలదు అనే ప్రశ్నలన్నీ అక్కడికే వచ్చి ఆగుతాయి. ఆ లెక్కలు తెలియని డాక్టరు సమావేశంలో రోగి తరఫున గట్టిగా మాట్లాడలేరు. హెల్త్ ఎకనామిక్స్, అకౌంటింగ్, గణాంకాలు, ఆసుపత్రి పనుల నిర్వహణ వంటి పాఠాలు ఇరవై ఏళ్లకే చదివితే వార్డులో అడుగుపెట్టే నాటికి చూపు వేరుగా ఉంటుంది. మన హైదరాబాదులోనూ నిమ్స్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ పీజీ ఉంది. కాకపోతే మన దగ్గర అది వైద్య విద్యకు విడిగా ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. చాలా ఉమ్మడి కోర్సులు పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. హెచ్4 వీసా మీద (అంటే హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చే వీసా మీద) ఉన్న పిల్లలు ఫీజు కట్టకముందే కాలేజీకి ఉత్తరం రాసి కనుక్కోండి. నిబంధనలు మారుతుంటాయి, ఆ ఏడాదివే చూడండి.

సాయంత్రం ఇంటికి వచ్చాక అత్తయ్యకు వీడియో కాల్ చేశాం. తెనాలిలో అప్పటికే తెల్లవారుతోంది.

"ఎన్నేళ్లు చదవాలి తల్లీ?"

"ఎనిమిది. తర్వాత రెసిడెన్సీ అని ఆసుపత్రిలో శిక్షణ, కనీసం మూడేళ్లు నానమ్మా."

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ఇప్పుడు నొప్పి లేకుండా ఆ కుడి చేతి వేళ్లన్నీ ముడుస్తున్నారు.

"మరి అంతవరకూ ఆ గదిలో కూర్చునేవాళ్ల సంగతి?"

"వచ్చే శనివారం నుంచి ఒక ఆసుపత్రిలో వాలంటీరుగా చేరుతున్నాను. వేచి ఉన్నవాళ్లకు దుప్పట్లు ఇవ్వడం, వీల్‌చెయిర్ తోయడం."

అత్తయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "ఎవరినీ గడియారానికి ఎదురుగా మాత్రం కూర్చోబెట్టకు తల్లీ."